వకాల్తా మీద సంతకం



"నువ్వెందుకయ్యా వాడి తరఫున వకాల్తా పుచ్చుకుంటావ్?" అని మన ఇళ్ళలో రోజూ వినపడే మాటే. తోడికోడలి పక్షాన ఒక్క ముక్క మాట్లాడినా ఇదే అంటారు, అరుగు మీద పేకాటలో పక్కవాడి కోసం తగువు పడినా ఇదే అంటారు. కోర్టు గుమ్మం తొక్కనివాళ్ళకు కూడా ఆ మాట తెలుసు. ఆ కాగితం చదివినవాళ్ళు మాత్రం బహు తక్కువ. నలభై ఏళ్ళ కిందట గుంటూరు జిల్లాలోని ఒక మునసబు కోర్టు ఊళ్ళో జూనియర్‌గా చేరాను. అప్పటి నుంచి నా బల్ల ముందు వకాల్తా మీద సంతకం పెట్టినవాళ్ళు వేలల్లో ఉంటారు. పెట్టేముందు చదివినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "ఎక్కడ పెట్టమంటారు?" అని అడుగుతారు, మా గుమాస్తా వేలితో చూపిస్తాడు. వేలిముద్ర అయితే ఆ వేలు కూడా ఆయనే పట్టుకుని అద్దుతాడు. అక్కడితో పని అయిపోతుంది.

ఇంతకీ అందులో ఏముంటుంది? నా తరఫున హాజరై వాదించడానికి, కాగితాలు దాఖలు చేసి వాపసు తీసుకోవడానికి, రాజీ పడటానికి, కోర్టులో జమ అయిన సొమ్ము నా బదులు తీసుకోవడానికి ఫలానా వకీలుకు అధికారం ఇస్తున్నాను అని ఉంటుంది. సన్నని అచ్చులో ఒక పేజీ. పొలం అమ్మేటప్పుడు సరిహద్దుల్లో ఒక్క గట్టు తేడా వచ్చినా రిజిస్ట్రారు ఆఫీసులో పోట్లాడే రైతు, ఆ పొలం మీద సర్వహక్కులూ మాట్లాడే మనిషిని పెట్టుకునేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకుని వేలిస్తాడు. అచ్చులో రాజీ అధికారం ఉన్నంత మాత్రాన పార్టీకి చెప్పకుండా అతని హక్కును వకీలు వదులుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2015లో ఒక హౌసింగ్ సొసైటీ కేసులో గట్టిగానే చెప్పింది. సలహా చెప్పేది వకీలు, నిర్ణయం పార్టీది. అయితే ఆ సంగతి పార్టీకి తెలిస్తే కదా.

వకీలు వృత్తిలో నీతి అనగానే జనం కోర్టు హాలును ఊహించుకుంటారు. నల్లకోటు, బల్ల గుద్దడం, సాక్షి నోటమ్మట నిజం కక్కించడం. సినిమాలు చేసిన పని అది. నేను చూసినంతలో వకీలు నీతి తేలేది కోర్టు హాల్లో కాదు. అక్కడ జడ్జిగారు ఉంటారు, ఎదుటి వకీలు ఉంటాడు, పది మంది చూస్తుంటారు. పొద్దున్నే ఆఫీసు గదిలో తలుపు దగ్గరగా వేసి, పార్టీ గొంతు తగ్గించి ఒక మాట అడుగుతాడు చూడండి, తేలేది అక్కడ.

నేను చేరిన రెండో ఏడు సంగతి ఒకటి చెబుతాను. మా సీనియర్ దగ్గరికి ఒక పెద్ద రైతు వచ్చాడు. మూడు వేళ్ళ మందాన మడిచిన తువ్వాలులోంచి ఒక ప్రోనోటు తీసి బల్ల మీద పెట్టాడు. రెవెన్యూ స్టాంపు మీద అప్పు తీసుకున్నవాడి సంతకం అడ్డంగా ఉంది. అంతా సవ్యంగానే ఉంది గానీ తేదీ చూసి మా సీనియర్ పెదవి విరిచారు. రాసి మూడేళ్ళు దాటి నాలుగు నెలలైంది. అంటే కాలదోషం పట్టింది. ఇక ఆ నోటు మీద దావా నిలవదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ప్రోనోటు మీద మూడేళ్ళ లోపు దావా వేయాలి. ఆ మూడేళ్ళు నిండక ముందే బాకీదారు కొంత సొమ్ము కట్టి, నోటు వెనక "ఇంత ముట్టింది" అని రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. ఆ రాతనే మనవాళ్ళు చెల్లు అంటారు.

రైతు నోటును తిరగేశాడు. వెనక ఖాళీ. "ప్లీడరు గారూ, ఒక చెల్లు వేసుకుందామండీ. వంద రూపాయలు ముట్టినట్టు, పోయిన సంక్రాంతి తేదీతో. వాడి సంతకం మావాడొకడు అచ్చు దించేస్తాడు" అన్నాడు. గొంతులో తప్పు చేస్తున్న జంకు లేదు. చిరిగిన చొక్కాకు మాసిక వేయించుకోవడానికి వచ్చినవాడిలా ఉన్నాడు.

మా సీనియర్ కళ్ళజోడు తీసి, "ఏమయ్యా, అప్పు నిజంగానే ఇచ్చావా?" అని అడిగారు.

"మా అమ్మాయి మీద ఒట్టండీ. పత్తి అమ్మిన డబ్బు, ఆరు వేలు, నా చేత్తో లెక్కపెట్టి ఇచ్చాను."

"ఇచ్చే ఉంటావు. అప్పు నిజమే, చెల్లు అబద్ధం. నన్ను కోర్టులో పెట్టమంటున్నది చెల్లును" అని నోటు మడిచి ఆయన చేతిలోనే పెట్టారు. పెద్దమనుషుల్లో పెట్టి అడుగు, ఇవ్వకపోతే మరిచిపో, సంతకం దించితే మాత్రం జైలుకు పోతావు అని కూడా చెప్పారు. అప్పుడు ఆఫీసు అద్దె రెండు నెలలుగా బాకీ. ఆ సంగతి గదిలో ఉన్న ముగ్గురిలో ఇద్దరికి తెలుసు.

కథ అక్కడితో అయిపోలేదు. కొన్ని నెలల తర్వాత ఇంకో మనిషి సమన్లు పట్టుకుని వచ్చాడు. ఆ సమన్లలో వాది పేరు చూస్తే మన రైతే. వేరే వకీలు ద్వారా దావా పడింది, నోటు వెనక చెల్లు ఉంది. వచ్చినవాడు బాకీదారు. "ఈ చెల్లు సంతకం నాది కాదండీ" అని మొత్తుకుంటున్నాడు. మాకు తెలుసు, అది ఆయనది కాదు. చేతిలో పెట్టినట్టున్న కేసు. మా సీనియర్ ఆ సమన్లు చదివి, "ఈ కేసులో నేను రాకూడదు. వేరే వకీలును చూసుకోండి" అన్నారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆ మనిషి చెప్పులు వేసుకుంటుంటే నేను గేటు దాకా వెళ్ళాను. సంతకాన్ని నిపుణుడికి పంపమని కోర్టును అడగండి అని ఒక్క మాట చెవిన వేద్దామనుకున్నాను. వేయలేదు.

ఆ దావా డిక్రీ అయింది.

మా సీనియర్ మొదటి పని ఎందుకు చేశారో ఎవరికైనా అర్థమవుతుంది. రెండోదే నాకు చాలాకాలం మింగుడు పడలేదు. ఒక పక్షానికి దావా విషయంలో సలహా చెప్పిన వకీలు అదే వివాదంలో ఎదుటి పక్షానికి పని చేయకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 33వది ఉంది. ఆ నియమం ఆయన చదివి చేశారో, అలవాటు కొద్దీ చేశారో నేను అడగలేదు. ఆ రోజుల్లో సీనియర్‌ను అలా అడిగే ధైర్యం ఎవరికుంది?

ఇక్కడ రహస్యం సంగతి మాట్లాడాలి. పార్టీ వకీలుతో వృత్తి పనిలో చెప్పుకున్న మాట, పార్టీ అనుమతి లేకుండా వకీలు బయటపెట్టకూడదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఇది 126వ సెక్షన్. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 132వది. కేసు ముగిసినా, వకీలును మార్చినా ఆ బాధ్యత పోదు. గుమాస్తాకు కూడా వర్తిస్తుంది. చట్టంలోనే ఇచ్చిన ఉదాహరణల్లో రెండు నాకు భలే ఇష్టం. ఒకడు వచ్చి, "నేను ఫోర్జరీ చేశాను, నా తరఫున వాదించండి" అన్నాడు. ఆ మాట రహస్యమే. ఇంకొకడు వచ్చి, "ఈ దొంగ దస్తావేజుతో ఆస్తి దక్కించుకోవాలి, దావా వేయండి" అన్నాడు. దానికి రక్షణ లేదు. జరిగిపోయిన తప్పుకు వకీలు అండగా నిలబడవచ్చు, జరగబోయే తప్పుకు పనిముట్టు కాకూడదు. మన రైతు రెండో రకం. అంటే ఆయన మాటకు చట్టం రక్షణ ఇవ్వదు. మా సీనియర్‌ను సాక్షిగా పిలిచి ఉంటే చెప్పవలసి వచ్చేదేమో. ఎవరూ పిలవలేదు. గేటు దగ్గర నేను నోరు మూసుకున్నది ధర్మమా, పిరికితనమా అంటే నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఈ రహస్యానికి ఈ మధ్య కొత్త ప్రాణం వచ్చింది. దర్యాప్తు చేసేవాళ్ళు నిందితుడి వకీలుకే నోటీసులిచ్చి, నీ పార్టీ నీకేం చెప్పాడో చెప్పమని పిలవడం మొదలుపెట్టారు. సుప్రీంకోర్టు తనంతట తాను ఆ విషయం విచారణకు తీసుకుని, 2025 అక్టోబరు 31న తీర్పు చెప్పింది. చట్టంలో ఉన్న మినహాయింపుల కిందకు వస్తే తప్ప వకీలును అలా పిలవకూడదు. పిలిచినా కారణం రాయాలి, ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇదేదో వకీళ్ళ గొప్ప కోసం కాదు. డాక్టరుకు చెప్పని రోగంలా వకీలుకు చెప్పని నిజం పార్టీనే ముంచుతుంది.

పెళ్ళికి వెళ్ళినా, రైల్లో కూర్చున్నా మమ్మల్ని తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "దోషి అని తెలిసీ ఎలా వాదిస్తారండీ?" దీనికి నేను జవాబు పెద్దగా చెప్పను. దోషి అని తేల్చేది కోర్టు, నేను కాదు, రైల్లో పక్క సీటాయన అసలే కాదు. నిందితుడి తప్పొప్పుల గురించి తన సొంత అభిప్రాయం ఏదైనా వకీలు అతని తరఫున నిలబడాలని మా నియమాల్లో 15వది చెబుతోంది. ఫలానా కేసులో ఎవరూ వాదించకూడదని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లో తమిళనాడు నుంచి వచ్చిన కేసులో తేల్చేసింది. అయినా 2019లో, దిశ హత్యాచారంతో మనందరి గుండె మండిపోయిన ఆ రోజుల్లో, షాద్‌నగర్ వకీళ్ళు అలాంటి తీర్మానమే చేశారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. నలుగురు నిందితులూ డిసెంబరు 6న పోలీసుల చేతుల్లో చనిపోయారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ పోలీసుల కథనం నమ్మదగ్గది కాదని నివేదిక ఇచ్చింది. వకీలు లేని చోట ఏం జరుగుతుందో చూపించడానికి ఇంతకంటే నేను చెప్పనక్కర్లేదు.

ఇక డబ్బు. అసలు చిక్కంతా ఇక్కడే.

మా సీనియర్ ఖద్దరు చొక్కాకు రెండు జేబులుండేవి. ఫీజు కుడి జేబులో, కోర్టు ఫీజుకూ స్టాంపులకూ బ్యాటాలకూ పార్టీ ఇచ్చిన సొమ్ము ఎడమ జేబులో. సాయంత్రం ఎడమ జేబు ఖాళీ చేసి, ఎర్ర అట్ట నోటు పుస్తకంలో పైసాతో సహా రాసేవారు. ఒకసారి కాఫీకి చిల్లర లేకపోతే నేను ఎడమ జేబు వైపు చూపించాను. "అది మనది కాదోయ్" అని కాఫీ మానేశారు. ఇప్పుడు జేబులు పోయి ఫోన్లో చెల్లింపులు వచ్చాయి, అన్ని డబ్బులూ ఒకే ఖాతాలో పడుతున్నాయి. పార్టీ సొమ్ముకు విడిగా లెక్క ఉండాలని, అతని తరఫున డబ్బు చేతికొస్తే వెంటనే అతనికి చెప్పాలని నియమాలు మాత్రం అలాగే ఉన్నాయి.

తెలంగాణలో ఒకామె భర్త 1998లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. పరిహారం కేసు ట్రిబ్యునల్ నుంచి హైకోర్టు దాకా నడిచింది. ఫీజు కింద పది లక్షలు తీసుకున్నాక కూడా, ఖాతాలో డబ్బు లేదని చెప్పినా వినకుండా, తన చేత ఇంకో మూడు లక్షలకు చెక్కు రాయించుకున్నారని ఆమె చెప్పుకుంది. ఆ చెక్కు తిరిగొచ్చింది. తన వకీలే తన మీద చెక్ బౌన్స్ కేసు పెట్టాడు. వచ్చిన పరిహారంలో ఇంత శాతం అని లెక్క. ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2017 డిసెంబరు 5న జస్టిస్ ఆదర్శ్ కుమార్ గోయల్, జస్టిస్ యు.యు. లలిత్ ఆ చెక్కు కేసును కొట్టేశారు. వచ్చే ఫలితంలో వాటా అడగడం మన దేశంలో వకీలు వృత్తికి పనికిరాదని, అలాంటి ఒప్పందం చెల్లదని రాశారు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఈ మాట వింటే ఆశ్చర్యపోతారు. అక్కడ రోడ్డు పక్కన పెద్ద పెద్ద బోర్డుల మీద, గెలిస్తేనే ఫీజు అని వకీళ్ళ ఫోటోలుంటాయి. ఇక్కడ వాటా ఫీజూ నిషిద్ధం, అలాంటి ప్రకటనా నిషిద్ధం. మరి ఇక్కడ జరగడం లేదా అంటే, జరుగుతోంది. యాక్సిడెంటు కేసుల్లో ఆస్పత్రి వరండాలోనే ఏజెంటు వచ్చి శాతం మాట్లాడుకునే సంగతి నాకు తెలుసు, వింటున్న వకీళ్ళకు ఇంకా బాగా తెలుసు. వాటా కుదిరిన క్షణం నుంచీ వకీలు సలహాదారు కాదు, భాగస్తుడు. రాజీ మంచిదా కాదా అని పార్టీ అడిగితే, ఆ జవాబులో అతని వాటా కూడా మాట్లాడుతుంది.

ఇంకో జబ్బు, కట్ట ఆపడం. ఫీజు బాకీ ఉంటే కేసు కట్ట ఇవ్వను అనడం. మధ్యప్రదేశ్‌లో ఒక సహకార బ్యాంకుకు న్యాయ సలహాదారుగా ఉన్న వకీలు, తనకు 97,100 రూపాయలు రావాలంటూ బ్యాంకు ఫైళ్ళు తన దగ్గరే ఉంచుకున్నాడు. 2000లో సుప్రీంకోర్టు దాన్ని వృత్తి దుష్ప్రవర్తన కిందే లెక్కగట్టింది. ఫీజు రావాల్సి ఉంటే దావా వేసుకో, కట్ట మాత్రం ఇచ్చెయ్ అని ఆ తీర్పు సారం. ఈ తీర్పు వచ్చి పాతికేళ్ళయినా, "మా పాత వకీలు కాగితాలు ఇవ్వడం లేదండీ" అని నా దగ్గరికి ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. ఇక బహిష్కరణల సంగతి. సమ్మె చేసే హక్కు వకీళ్ళకు లేదని 2002లోనే తేలిపోయింది. ఆ మాట మాలో ఎవరికీ వినపడినట్టు లేదు. పార్టీ బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చి, కోర్టు గేటు దగ్గర షామియానా చూసి వెనక్కి పోతాడు.

గురజాడ 'కన్యాశుల్కం'లో కోర్టు వ్యవహారాల మీద బతికే రామప్పంతులున్నాడు, మచ్చలేని వకీలు సౌజన్యారావు పంతులూ ఉన్నాడు. జనానికి గుర్తున్నది రామప్పంతులే. మా వృత్తికి ఉన్న పేరు చూస్తే అది గురజాడ తప్పు కాదనిపిస్తుంది.

తప్పు చేసిన వకీలును ఎవరడగాలి? వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే దారి 2024 మే 14తో మూసుకుపోయింది. వకీలు సేవ ఆ చట్టం కిందకు రాదని సుప్రీంకోర్టు చెప్పింది. మిగిలింది 1961 అడ్వొకేట్స్ చట్టం. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీ విచారిస్తుంది. మందలించవచ్చు, కొంతకాలం కోటు విప్పించవచ్చు, జాబితాలోంచి పేరే తీసేయవచ్చు. ఏడాదిలో తేల్చకపోతే ఫైలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళ్ళాలి. పద్ధతి కాగితం మీద బాగానే ఉంది. వకీళ్ళే వకీళ్ళను విచారించే పద్ధతి ఇది. ఎన్నికల్లో ఓట్లు వేసే మనుషుల మీద, ఆ ఓట్లతో గెలిచినవాళ్ళు తీర్పు చెప్పాలి. ఇది మొహమాటం లేకుండా జరుగుతుందని నేను అనలేను.

చివరగా మద్రాసు కేసు ఒకటి. చెవులు వినపడని ఒక ముసలాయన, ఆయన భార్య ప్రోనోట్ల మీద దావాలు వేయమని ఒక వకీలును పెట్టుకున్నారు. ఆ వకీలు ఫీజు తీసుకుని, దావాలు నడపకుండానే నడుస్తున్నాయని నమ్మించాడు. వకీలు చెప్పింది నమ్మడం తప్ప ఆ దంపతులకు వేరే దారి లేదు. 1978లో ఆ వ్యవహారం సుప్రీంకోర్టులో తేలింది. జస్టిస్ కృష్ణయ్యర్ శిక్షలో కొత్త పద్ధతి పెట్టారు. సస్పెన్షన్‌తో సరిపెట్టకుండా, కొంతకాలం పేదల కేసులు ఉచితంగా చేయమన్నారు. తప్పు చేసిన చేతుల్లోనే మళ్ళీ పేదవాళ్ళ కట్టలు పెట్టడం ఏమిటని కొందరు నవ్వారు. నాకు మాత్రం అది మంచి శిక్షే అనిపిస్తుంది.

ఆ ముసలాయనకు లేనిది ఇప్పుడు మీకు ఉంది. కోర్టులో దాఖలై నమోదైన ప్రతి కేసుకూ అక్షరాలూ అంకెలూ కలిపి 16 స్థానాల సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే దావా పడిందో లేదో, గత వాయిదాలో ఏం జరిగిందో, వచ్చే వాయిదా ఎప్పుడో కనిపిస్తుంది. చదువు రాకపోతే మీ మనవడు చూసి చెబుతాడు. వకాల్తా మీద సంతకం పెట్టేముందు ఒకరి చేత చదివించుకోండి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. అడిగితే వకీలుగారు ఏమనుకుంటారో అని జంకకండి. అనుకునేవాడైతే మీకు ఆ సంగతి ముందే తెలియడం మంచిది. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, జైల్లో ఉన్నవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. నంబరు రాసుకోండి, డబ్బులు పడవు: 15100. మళ్ళీ చెబుతున్నాను, ఒకటి, అయిదు, ఒకటి, సున్నా, సున్నా.